ముందు ముడి, తర్వాత మాట

మకరసీమ రాజ్యానికి తూర్పు వాకిలి దీపాలరేవు పట్టణం. ఆ రేవు అందం చూడాలంటే పొద్దు పొడిచే వేళ సముద్రం మీంచి చూడాలి. పగడపు రాతి ప్రాకారాలు, వాటి మీద తొంభై తొమ్మిది బురుజులు, బురుజు బురుజుకీ బంగారు మొసలి పతాకం, కోట గోడను ఆనుకుని ఏడు దీవుల నౌకలు, వాటిలోంచి దిగే ముత్యాలు, కర్పూరం, ఏనుగు దంతాలు, మాట్లాడే చిలకలు, మాట్లాడని గుర్రాలు... ఇలా చెప్పుకుంటూ పోతే కథ రేవులోనే లంగరు వేసుకుని కూర్చుంటుంది. మన కథ ఆ వైభవానికి వెనకాల, వత్తుల వీధి చివర, ఒక చిన్న పెంకుటింట్లో ఉంది.

అది రేచన వత్తుల కొట్టం. రేచనకు పాతికేళ్లు. మంచివాడు, మాటకారి, కాని నోటికి గొళ్లెం లేదు. ఎవరైనా "అబ్బో, నీ అంతవాడు లేడు" అన్నారంటే చాలు, కడుపులో ఉన్నదంతా కుమ్మరించేస్తాడు. అతని తల్లి ప్రోలమ్మ తన చివరి రోజుల్లో గాలివత్తిని కనిపెట్టింది. ఆ వత్తి వేసి దీపం వెలిగిస్తే నడిసముద్రంలో తుఫాను వచ్చినా ఆరదు. ఏడు దీవుల నావికులు ఆ వత్తి కోసం కొట్టం ముందు బారులు తీరతారు. అంతమందికీ వత్తులు పేనే చేతులు మాత్రం రెండే. అవి కామసానివి. అరవై ఏళ్ల మనిషి. ప్రోలమ్మకు తోడుగా పనికి వచ్చి, రేచనను ఎత్తుకుని పెంచి, ఇప్పటికీ అతన్ని "ఒరే" అనే పిలుస్తుంది. అతను "అత్తా" అంటాడు.

గాలివత్తికి మూడు గుట్లు ఉన్నాయి. మొదటిది పత్తి, రెండోది నూనె. మూడోది ఏమిటో ఈ కథ చెబుతున్న నాకు తెలుసు. అయినా మీకు చెప్పను. నేనూ ముడి వేశాను మరి.

ముడి అంటే గుట్టుముడి. దీపాలరేవులో ఇది తాతల నాటి ఆచారం. అద్దకం వాళ్లు, అత్తరు వాళ్లు, కంచరి వాళ్లు, చిన్న కొట్టం పెట్టుకుని తమ తెలివి మీద బతికే వాళ్లెవరైనా సరే, తమ గుట్టు ఇంకొకరికి చెప్పాల్సి వస్తే ముందు తాటాకు మీద నాలుగు సంగతులు రాస్తారు. చెప్పేది ఏది, ఎవరికి, ఎందుకు, ఎప్పటిదాకా. తర్వాత వినేవాడు ఒక నూలుపోగు కొసను నాలుక మీద తడిపి, ఆ ఆకు చుట్టూ చుట్టి ముడి వేస్తాడు. ముడుపులమ్మ తల్లి పేరు చెప్పి, దాని మీద లక్క ముద్ర వేస్తారు. మాట తప్పినవాడి నాలుక మెలితిరిగి చుట్టుకుపోతుంది. గుట్టు సొంతదారు తన చేత్తో ముడి విప్పితేనే అది మళ్లీ తిరుగుతుంది. అయితే ముడుపులమ్మ తొందరపడే తల్లి కాదు. తప్పు సగం దాటేదాకా చూసి, అప్పుడు బిగిస్తుంది.

ప్రోలమ్మ పోతూ పోతూ కొడుకు చెయ్యి పట్టుకుని ఒకే మాట చెప్పింది. "ఒరే నాయనా, నీ నోరు నాకు తెలుసు. ముందు ముడి, తర్వాత మాట. చెప్పేశాక వేసే ముడి పెళ్లయ్యాక చూసే జాతకం లాంటిది." రేచన ఏడుస్తూ తల ఊపాడు. ఆ మాటను మూడేళ్లు నిలబెట్టుకున్నాడు కూడా. నాలుగో ఏడు వేసవిలో ఒక పొద్దున్న శంఖపాల శెట్టి అనే నౌకల వర్తకుడు కొట్టం గడప తొక్కాడు.

జరీ తలపాగా, చెవులకు పచ్చల పోగులు, మెడలో నాలుగు పేటల ముత్యాలు, నోటి నిండా నవ్వు. వెనకాల ఇద్దరు మనుషులు వెండి పళ్లెంలో తమలపాకులు పట్టుకుని ఉన్నారు.

"ఏమయ్యా రేచనా, నిన్ను చూడాలని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నా. నా నౌకలన్నిటికీ నీ వత్తులే కావాలి. పడమటి దీవిలో నీ పేరు మీద ఒక కొట్టం పెట్టిస్తాను. వత్తి ఎలా చేస్తావో నా వాళ్లకు నేర్పు. ఇంతటి తెలివి ఈ సందులో పడి ఉండటం నాకు నచ్చలేదు."

రేచన మొహం చేటంత అయింది. అయినా తల్లి మాట గుర్తొచ్చి, తాటాకు, గంటం అందుకున్నాడు. "అయ్యా, మీరంటే నాకు గౌరవమే. కాని ముందు గుట్టుముడి వేసుకుందాం. మా ఆచారం."

"వేసుకోక? ముందు తాంబూలం పుచ్చుకో. పెద్దవాణ్ని, నా చేతి తాంబూలం కాదంటావా?"

అక్కడే వచ్చింది చిక్కు. పెద్దవాళ్లు ఇచ్చిన తాంబూలం కాదనడం దీపాలరేవులో మర్యాద కాదు. తాంబూలం నోట్లో ఉండగా ముడి వెయ్యడం ఆచారం కాదు. సరే, నమిలాక వేసుకుందాం అనుకుని ఇద్దరూ ఆకులు వేసుకున్నారు. నోట్లో ఆకు, ఎదురుగా పొగిడే మనిషి. మీరే చెప్పండి, రేచన ఊరుకుంటాడా?

"అసలు ఆ పత్తి ఎక్కడిదయ్యా?" అన్నాడు శెట్టి.

"ఇసుక దిబ్బల మీద పెరిగే ముళ్లపత్తి అండీ. కాయ పగిలే ముందు రోజే కొయ్యాలి."

"ఔరా. నూనె?"

"ఇప్పనూనె అండీ. అందులో ఉప్పుగాలి తగిలిన వేపగింజలు తొమ్మిది రోజులు నానేసి..."

లోపల వత్తులు పేనుతున్న కామసాని చెవిలో ఈ మాట పడింది. తల బయటికి పెట్టి చూసింది. తాటాకు మీద అక్షరం లేదు, దారం లేదు, ముడి లేదు, వీడు మాత్రం రెండో గుట్టు దాటి మూడో దాని మీదికి వెళుతున్నాడు. ఆవిడ చేతిలో ఉన్న ఇత్తడి పళ్లేన్ని ఎత్తి నేలకేసి కొట్టింది. ఆ చప్పుడుకి వీధంతా తిరిగి చూసింది.

"ఒరే సన్నాసీ, మీ అమ్మ ఏం చెప్పి చచ్చింది? నోరు ముయ్యి."

రేచన నోరు మూతపడింది. శెట్టి నవ్వు మాయమైంది. చూస్తుండగానే పచ్చల పోగులు తేళ్లయ్యాయి, ముత్యాల పేటలు పుర్రెల దండలయ్యాయి, వెనకనున్న ఇద్దరు మనుషులూ రెండు గబ్బిలాలై దూలాలకు వేలాడారు. శెట్టి నిలబడ్డ చోట ఏడడుగుల మాంత్రికుడు నిలబడ్డాడు. ఏడుగాలుల కొండ మీద ఉండే ధూమజిహ్వుడు. పేరు చెబితేనే రేవులో పిల్లలు అన్నం తినేస్తారు.

"రెండు వచ్చేశాయి, ముడి పడలేదు" అన్నాడు మాంత్రికుడు తీరిగ్గా వక్క నములుతూ. "మూడోది ఈ ముసలిది చెబుతుంది. యజమాని కంటే పనిమనిషి నోరు తేలిగ్గా తెరుచుకుంటుంది."

అంటూనే కామసాని నడుం పట్టుకుని, నల్లటి పొగగా మారి, పెంకులు ఎగరగొట్టుకుంటూ పైకి లేచిపోయాడు. ఆ పొగ తిన్నగా ఏడుగాలుల కొండ వైపు సాగింది.

రేచన వీధిలోకి పరుగెత్తి ఆ పొగ వంక చూశాడు. కామసాని ఎప్పుడో ప్రోలమ్మకు గుట్టుముడి వేసింది. ఆమె చెబితే నాలుక చుట్టుకుపోతుంది, చెప్పకపోతే మాంత్రికుడు చంపేస్తాడు. తన నోటి దూల వల్ల తనను పెంచిన మనిషి ప్రాణం మీదికి వచ్చింది. ఆ ఒక్క సంగతి తప్ప అతనికి ఇంకేమీ తోచలేదు. సంచిలో ఒక వత్తి, ఒక ప్రమిద, నూలుపోగులు, తాటాకులు, గంటం, లక్క వేసుకున్నాడు. మూడో ఇంటి జీనుల వాడి గుర్రాన్ని అడక్కుండానే విప్పుకుని, దౌడు తీశాడు.

ఏడుగాలుల కొండ రేవుకు అరపూట దూరం. మొదట మొసళ్ల వాగు వచ్చింది. గుర్రం మధ్యలో బెదిరి వెనక్కి పారిపోతే, రేచన తేలుతున్న తాటిదుంగ అనుకుని ఒకదాని మీదికి దూకాడు. అది కళ్లు తెరిచింది. అది నోరు తెరిచే లోపల దాని వీపు మీంచి ఇంకో మొసలి మీదికి, దాని మీంచి గట్టు మీదికి గంతేసి, ఒక చెప్పు మాత్రం వాటికి వదిలేసి బయటపడ్డాడు. తర్వాత లోయ మీద తీగల వంతెన. సగం దాటాక గాలి వంతెనను తలకిందులు చేసింది. రేచన కాళ్లు పైన, తల కింద, సంచి పళ్ల మధ్య. ఆ రోజు అతని నోరు మొదటిసారి మంచి పనికి ఉపయోగపడింది. అలాగే పాక్కుంటూ అవతలికి చేరాడు.

కొండ మొదట్లో అడవి తమలపాకులు పాకి ఉన్నాయి. నాలుగు దోసిళ్లు కోసుకుని, మొహానికి మసి పూసుకుని, తువ్వాలు తలకు చుట్టి, "ఆకులమ్మా ఆకులు" అని కేక వేస్తూ మాంత్రికుడి కోట గుమ్మం దగ్గరికి వెళ్లాడు. మాంత్రికుడికి తాంబూలం లేనిదే పూట గడవదని అతను పొద్దున్నే కనిపెట్టాడు.

గుమ్మానికి అడ్డంగా ఒక భూతం కూర్చుని ఉంది. బానపొట్ట, చేటంత చెవులు, చిన్న కళ్లు.

"ఎవర్రా నువ్వు?"

"ఆకుల వాణ్ని దొరా. లోపల అయ్యగారికి ఆకులు."

"నేను గుట్లు తిని బతికేవాణ్ని. ఎవరికీ తెలియని గుట్టు ఒకటి నా చెవిలో పడెయ్యి. లేకపోతే నిన్నే తింటాను."

గుట్టు అడగ్గానే రేచన చెయ్యి వత్తి ఉన్న సంచి మీదికి వెళ్లింది. గాలివత్తి మూడో గుట్టు ఇస్తే ఇప్పుడే తలుపు తెరుచుకుంటుంది. కాని పొద్దున్న దెబ్బ ఇంకా మానలేదు. తన సొంతమైనది, ఇంకెవరికీ నష్టం లేనిది ఏముందా అని వెతుక్కుని, సిగ్గు చంపుకుని భూతం చెవిలో నోరు పెట్టాడు.

"నన్ను అందరూ వత్తుల రేచన అంటారు. నాకు వత్తి పేనడం రాదు. నేను పేనిన వత్తి దోమ ఎగిరినా ఆరిపోతుంది."

భూతం చప్పరిస్తూ దాన్ని మింగింది. రెండడుగులు వేసేసరికి రేచనకు వెనక నుంచి మూలుగు వినిపించింది. భూతం పొట్ట పట్టుకుని దొర్లుతోంది. "ఒరే మోసగాడా, ఇది గుట్టు కాదు, ఊక. ఊరందరికీ తెలిసిందే నాకు పెట్టావు, అయ్యో నా కడుపు." రేచన తెల్లబోయాడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసన్నది అతనికి అప్పుడే తెలిసింది. బాధపడే తీరిక లేక లోపలికి పరుగెత్తాడు.

కోట నడుమ విశాలమైన వాకిలి. దానికి పడమటి వైపు ఒక గుహ నోరు తెరుచుకుని ఉంది, లోపల్నుంచి ఏడు గొంతులతో గాలి ఊళలు వేస్తోంది. గుహ ముందు కామసాని నిలబడి ఉంది. మోకాళ్ల దాకా నల్లరాయి.

"వచ్చావా" అంది ఆవిడ. "మసి పూసుకుంటే గుర్తుపట్టననుకున్నావా? ఆ నడక మార్చుకోవద్దూ?"

"అత్తా, నిన్ను..."

"చెప్పనన్న ప్రతిసారీ జానెడు రాయి చేస్తున్నాడురా వీడు. పొద్దు గుంకేలోగా మిగతాది కూడా మెల్లగా దానంతటదే రాయైపోతుందట. నువ్వు పో. వీడు ఆ గుహలోకి వెళ్లాలని చూస్తున్నాడు."

"వెతకబోయిన తీగ కాలికి తగిలింది" అంటూ ధూమజిహ్వుడు స్తంభం వెనక నుంచి వచ్చాడు. రేచన పారిపోలేదు. 

మాంత్రికుడు దాచుకోకుండా చెప్పాడు. ఆ గుహ చివర ఒక రాతి తలుపు ఉంది. దాని వెనక ఏడు గాలుల్నీ కట్టేసి ఉంచిన ఇనుపకీలం ఉంది. ఆ కీలం ఎవరి చేతికి వస్తే మకరసీమ నౌకలన్నీ వాళ్ల దయ మీద తేలాల్సిందే. తలుపు తెరవడానికి పన్నెండు మాటల మంత్రం గోడ మీద చెక్కి ఉంది. అయితే ఆ చీకట్లో చదవాలంటే దీపం కావాలి. అక్కడి గాలికి దివిటీలు ఆరిపోయాయి, మాయాదీపాలూ ఆరిపోయాయి. గాలివత్తి ఒక్కటే నిలుస్తుంది, అదీ ఎవరో పేనింది మాంత్రికుడి చేతిలో వెలగదు, తనే పేనుకోవాలి. తొమ్మిది రోజుల నానబెట్టడం మంత్రంతో క్షణంలో ముగించి, రెండు గుట్లతో తానే చేసి చూశాడు, గుమ్మం దగ్గరే ఆరిపోయింది.

"మూడోది చెప్పు. ముసలిదాన్ని వదిలేస్తాను."

రేచన కామసానిని చూశాడు. పొద్దును చూశాడు. 

"చెబుతాను. కాని ముందు ముడి."

ధూమజిహ్వుడు పకపకా నవ్వాడు. "చావు నెత్తి మీద ఉన్నా ఆచారం వదలవా? సరే, రాయి."

రేచన చతికిలబడి ఆకు మీద గంటం ఆనించాడు. ఆచారం ప్రకారం నాలుగూ వరసగా రాశాడు. ఏది: గాలివత్తి మూడో గుట్టు. ఎవరికి? అక్కడ ఆగి తల ఎత్తాడు.

"శంఖపాల శెట్టి అని రాయవయ్యా. పొద్దున్న నీతో బేరమాడింది ఆయనే కదా" అన్నాడు మాంత్రికుడు. ఆ కంట్లో మెరుపు రేచన చూశాడు. దొంగపేరు రాయించుకుంటే ముడి తనను పట్టుకోదని వీడి లెక్క.

"అలాగే అయ్యా." ఎందుకు: ఇళ్లలో, నావల్లో వెలిగించుకోవడానికి మాత్రమే, ఈ గుహలో వెలిగించకూడదు. ఎప్పటిదాకా: పన్నెండేళ్లు. మాంత్రికుడు చదివి, "నీ ఇష్టం వచ్చినట్టు రాసుకో" అన్నాడు. పేరే తనది కానప్పుడు షరతులతో వాడికేం పని?

"నోరు పుక్కిలించాలి అయ్యా. తాంబూలం ఉండగా ముడి పనికిరాదు."

"తెలుసులే, నీ మర్యాదలు నాకు నేర్పకు." వాడు పుక్కిలించాడు. నూలుపోగు కొస నాలుక మీద తడిపాడు. ముడి వేశాడు. రేచన లక్క పెట్టి ముద్ర వేసి, ఆకు నడుముకు దోపుకుని, మాంత్రికుడి చెవిలో మూడో గుట్టు చెప్పాడు. ఎంత మెల్లగా చెప్పాడంటే, గుమ్మం దగ్గర దొర్లుతున్న భూతం చేట చెవులు రిక్కించినా వినబడలేదు.

మాంత్రికుడు ఆలస్యం చెయ్యలేదు. గబ్బిలాలు పత్తి తెచ్చాయి, నూనె తెచ్చాయి, మూడోదీ తెచ్చాయి. మంత్రంతో వత్తి పేని వెలిగించాడు. గుహ ముందు గాలి విసురుగా కొట్టింది. దీపం నిటారుగా నిలబడింది. ధూమజిహ్వుడు కేక పెట్టి లోపలికి దూసుకుపోయాడు.

"ఏం చేశావురా నువ్వు?" అని అరిచింది కామసాని. "మీ అమ్మ కష్టం, నా కష్టం వాడి చేతిలో పెట్టావు. నన్ను రాయి కానిస్తే ఏం పోయింది?"

"నువ్వు పోతావు అత్తా. కాస్త ఆగు."

గుహలోంచి మాంత్రికుడి గొంతు గంటలా వినిపిస్తోంది. ఒకటో మాట. రెండో మాట. ఎక్కడో రాయి మీద రాయి రాసుకున్న చప్పుడు, తలుపు కదులుతోంది. మూడు. నాలుగు. కొండ అదిరింది. రేచన నడుముకు ఉన్న ఆకు పట్టుకుని ముడుపులమ్మకు మొక్కుకుంటున్నాడు. అయిదు. ఆరు. ఏడో మాట రావాల్సిన చోట ఒక గురక లాంటి చప్పుడు వచ్చింది. ఆ తర్వాత మాట లేదు.

ధూమజిహ్వుడు పడుతూ లేస్తూ బయటికి వచ్చాడు. నోరు తెరిచి ఉంది. నాలుక నూలుపోగులా మెలితిరిగి అంగిలికి అంటుకుపోయింది. రేచన నడుముకు ఉన్న ఆకు చూపిస్తూ, ఆ పేరు నాది కాదంటూ చేతులు ఊపాడు.

కామసానికి అప్పుడు అర్థమైంది. పొద్దున్న నుంచి మొదటిసారి నవ్వింది. "పేరు మార్చుకుంటే నాలుక మారుతుందట్రా వెధవా? ఆ దారం తడిసింది ఎవరి ఉమ్మితో? ఎంగిలి అంటకూడదని కాదు తాంబూలం ఉమ్మమనేది. నీ ఉమ్మి తప్ప ఇంకేదీ అంటకూడదని."

మంత్రం నాలుక మీద ఉంటేనే మాంత్రికుడు. నాలుక లేకపోతే వాడు ఏడడుగుల మనిషి, అంతే. గబ్బిలాలు ఆ సంగతి ముందే గ్రహించి ఎగిరిపోయాయి. రేచన సంతోషంతో చిందు వేయబోయి ఆగిపోయాడు. పొద్దు కొండ వెనక్కి దిగుతోంది. కామసాని నడుం దాకా రాయైపోయింది. ఆమెను మామూలు మనిషిని చెయ్యగల మంత్రం కూడా ఆ చుట్టుకుపోయిన నాలుక మీదే ఉంది.

ముడి విప్పాలి. విప్పితే వాడు మళ్లీ మాంత్రికుడు.

"ఇంకో ఆకు తియ్యి" అంది కామసాని. "ముందు కొత్త ముడి వెయ్యి, తర్వాత పాతది విప్పు. త్వరగా కానియ్, పొట్ట చల్లబడుతోంది."

రేచన ఆకు తీశాడు. గంటం పరుగెత్తింది. కామసానిని పూర్తిగా మామూలు మనిషిని చెయ్యాలి, అందుకు తప్ప ఇంక ఏ మంత్రమూ నోట పలకకూడదు, గాలివత్తి గుహలోకి తీసుకెళ్లకూడదు. మాంత్రికుడు దిక్కు లేక మోకాళ్ల మీద కూర్చుని మెలితిరిగిన నాలుకకే దారం తాకించుకుని ముడి వేశాడు. లక్క పడింది. రేచన పాత ముడి విప్పాడు. నాలుక విప్పుకుంది. ధూమజిహ్వుడు ఒకసారి పెదాలు తడుపుకుని మంత్రం ఎత్తుకున్నాడు.

నడుం దగ్గర రాయి పగిలింది. తొడలు, మోకాళ్లు, పిక్కలు. కామసాని వంగి మోకాళ్లు రుద్దుకుంది. చీలమండల దగ్గరికి వచ్చేసరికి మాంత్రికుడు మంత్రం ఆపేశాడు.

"కానియ్" అన్నాడు రేచన.

"కానిస్తాను. ఎప్పుడు కానివ్వాలో నువ్వు రాయలేదుగా" అన్నాడు ధూమజిహ్వుడు. "పదేళ్ల తర్వాత కానిస్తాను. నేను మాట తప్పడం లేదు కదా, నాలుక ఎందుకు చుట్టుకుంటుంది?"

కామసాని మెల్లగా రేచన వైపు తిరిగింది. "గడువు రాశావురా?"

రేచన ముడి విప్పకుండానే ఆకు చదివి చూశాడు. ఏది ఉంది, ఎవరికి ఉంది, ఎందుకు ఉంది. ఎప్పటిదాకా లేదు. తొందరలో నాలుగోది ఎగిరిపోయింది. పొద్దు ఇంకా రెండు బారలు ఉంది, ఆవిడ పాదాలు నేలకు అతుక్కుని ఉన్నాయి, పాదాల నుంచి నలుపు మళ్లీ పైకి పాకడం మొదలుపెట్టింది. ఒక్క క్షణం అతనికి తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

"మళ్లీ బేరం పెట్టుకుందాం" అన్నాడు మాంత్రికుడు తీరిగ్గా. "దీపంతో లోపలికి నేను వెళ్లలేను. నువ్వు వెళ్లగలవు. గుట్టు నీది, నీ ముడి నిన్ను కట్టదు. తలుపు సగం తెరుచుకునే ఉంది. మిగతా ఆరు మాటలు చదువు. కీలం బయటికి తీసుకురా. నువ్వు బయట అడుగు పెట్టగానే ముసలిదాని పాదాలు వదిలేస్తాను."

"వద్దురా" అంది కామసాని. "ఆ కీలం వీడి చేతికి ఇస్తే రేవులో ఒక్క నావ మిగలదు."

రేచన మూడో ఆకు తీశాడు. ఈసారి అన్నిటికంటే ముందు పైన గడువు రాశాడు. నేను గుహ దాటి బయట అడుగు పెట్టిన క్షణాన. తర్వాత ఏది: కామసాని పాదాలు విడిపించడం. తర్వాత ఎవరికి. ఆఖరున ఎందుకు అన్న చోట, కీలం బయటికి తెచ్చినందుకు అని రాశాడు. బయటికి తెచ్చాక అది ఎవరి చేతిలో ఉండాలో మాంత్రికుడు అడగలేదు, ఇతను చెప్పలేదు. ఎవరూ అడగనిది చెప్పకుండా ఉండటం రేచన జీవితంలో అదే మొదటిసారి. కామసాని ఆకు మీదికి ఓరగా చూసింది. కనుబొమ్మలు పైకి లేచాయి. 

మాంత్రికుడు పుక్కిలించాడు, దారం తడిపాడు, ముడి వేశాడు.

రేచన సంచిలోంచి తను ఇంటి నుంచి తెచ్చిన వత్తి తీసి ప్రమిదలో పెట్టాడు. వెలిగించాడు. గుహలోంచి ఏడు గాలులూ ఒక్కసారిగా అతని మీద పడ్డాయి, తలగుడ్డ ఎగిరిపోయింది. అరచెయ్యి అడ్డం పెట్టబోతుంటే కామసాని వెనక నుంచి పిలిచింది.

"ఒరే, ఆ వత్తి నువ్వు పేనిందా?"

"కాదత్తా. నీ చేతిదే."

"అయితే చెయ్యి అడ్డం పెట్టకు. అది ఆరదు. పో."

రేచన చెయ్యి తీసేసి, దీపం ముందుకు పట్టుకుని గుహలోకి అడుగు పెట్టాడు.